మూడో కన్నం దగ్గర ఆగిపోయిన బ్లూస్

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 43. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తారు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో తల్లి, భార్య, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న కూతురితో కాపురం.

వాళ్ల నాన్నగారు సాయంత్రం పూట డాబా మీద కూర్చుని మౌతార్గాన్‌తో పాత సినిమా పాటలు వాయించేవారట. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే అది చేతికొచ్చింది. రెండు వరసల సన్నటి కన్నాలు, రేకు మీద 24 అనే అంకె. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈయన ఫోన్‌లో బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) మౌతార్గాన్ మీద విని మనసు పారేసుకున్నారు. బ్లూస్ స్కేల్, అంటే దాని స్వరాల వరస, ఏయే కన్నాల్లో పలుకుతుందో ఆ అంకెలు కాగితం మీద రాసుకుని కూర్చున్నారు. నెలలు గడిచాయి. ‘3 పీల్చి బెండ్ చెయ్యాలి’ (స్వరాన్ని వంచాలి) అన్నచోటే ఆగిపోయారు, ఆ స్వరం రావడం లేదు. భార్య ‘మామయ్యగారు వాయిస్తే వినబుద్ధేసేది, ఇదేంటండీ పిల్లి ఏడ్చినట్టు’ అంటున్నారు. తల్లి ‘రాత్రిపూట ఊదకురా, పాములొస్తాయి’ అంటున్నారు. కింది అంతస్తులో ఉండే రిటైరైన వీణ టీచరుగారు లిఫ్టు దగ్గర ఆపి ‘అది ఏ రాగం నాయనా? శ్రుతే నిలవడం లేదే’ అన్నారు. కూతురు గది తలుపు వేసుకుంటోంది. ఒకసారి మాత్రం ‘నాన్నా, ఆ మెట్టు ఎప్పుడొస్తుంది?’ అని అడిగిందట. ఇప్పుడాయన సెల్లార్లో స్కూటర్ మీద కూర్చుని వాయిస్తున్నారు. వాచ్‌మన్ పిల్లలు నవ్వుతున్నారు. పైగా యార్డు ఘాటుకి దగ్గు.

ఆయన ప్రశ్నలు: పాప పరీక్షలు అయ్యేదాకా మానెయ్యాలా? 43 ఏళ్లకి ఇక రాదా? కొత్తది కొంటే నాన్నగారిది పక్కన పడేసినట్టు కాదా?

మీ ఉత్తరం చదువుతుంటే ఒక్క అంకె దగ్గర నా చూపు ఆగింది. 24. మీకు ఆ స్వరం రాకపోవడానికి మీ వయసూ, మీ ఊపిరీ, మీ పట్టుదలా ఏవీ కారణం కావు. మీ చేతిలో ఉన్నది ట్రెమొలో మౌతార్గాన్. మీ కాగితం మీద ఉన్న అంకెలు పది కన్నాల డయాటోనిక్ మౌతార్గాన్‌వి. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ లోపలి ఏర్పాటు వేరు.

పది కన్నాల దాంట్లో ఒక్కో కన్నం వెనక ఒకే గదిలో రెండు రీడ్లు, అంటే గాలికి కంపించే సన్నటి లోహపు నాలికలు, ఉంటాయి. ఊదితే ఒకటి పలుకుతుంది, పీలిస్తే ఇంకొకటి. సి శ్రుతి మౌతార్గాన్‌లో మూడో కన్నం పీలిస్తే బి, ఊదితే జి (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు). పీలుస్తూ నోట్లో నాలుకని వెనక్కి లాగితే బి స్వరం జి వైపు కిందికి జారుతుంది. అలా జారుతూ మధ్యలో ఉన్న మూడు స్వరస్థానాలూ పలుకుతాయి. ఇదే బెండ్. రెండు రీడ్లూ ఒకే గదిలో ఉంటేనే ఇది సాధ్యం. ట్రెమొలోలో ప్రతి రీడుకీ విడి గది. ఒక కన్నం ఊదడానికే, పక్కది పీల్చడానికే. పైవరసలో ఒకటి, కిందివరసలో ఒకటి చొప్పున ఒక్కో స్వరానికి రెండు రీడ్లు పెట్టి, వాటి శ్రుతిని కావాలనే కాస్త అటూఇటూ చేస్తారు. ఆ తేడా వల్లే స్వరం అల్లాడుతూ, తీయగా వినిపిస్తుంది. నాన్నగారి పాటలకి అంత అందం తెచ్చింది ఆ అల్లాటే. శ్రుతి నిలవడం లేదని వీణ టీచరుగారి చెవికి తగిలిందీ అదే అయ్యుండవచ్చు. ఆవిడ చెవి ఆవిడది. దాని మీద మీరు అలగడానికేమీ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కన్నాలు పది అయినప్పుడు ఉన్న ‘3’, ఇరవై నాలుగు అయినప్పుడు ఆ ‘3’ కాదు. అంటే ఇన్ని నెలలూ మీరు వాయించినది బ్లూస్ స్కేలే కాదు. ఈ మాట చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. ‘ఏడు రోజుల్లో బ్లూస్’ అని ఊదరగొట్టే వీడియోలవాళ్లు మొదటి నిమిషంలో ‘మీ చేతిలో ఉన్నది ఏ రకం?’ అని ఒక్క మాట అడిగితే ఎంతమందికి ఈ తిప్పలు తప్పేవో.

కాబట్టి వాద్యం సంగతి ముందు తేల్చుకోండి. మీ ముందు మూడు దారులున్నాయి.

బ్లూస్ వదిలేసి నాన్నగారి మౌతార్గాన్‌తో ఆయన పాటలే నేర్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, ఇంట్లో పేచీ లేదు, త్వరగా చేతికొస్తుంది కూడా. కానీ నాలుగు పేజీల్లో మీరు రెండుసార్లు రాసిన మాట ‘ఆ పీల్చినప్పుడు వచ్చే ఏడుపు లాంటి స్వరం’. అది ట్రెమొలోలో రాదు. ఆ కోరిక అలాగే ఉండిపోతుంది.

రెండో దారి క్రొమాటిక్ మౌతార్గాన్. పక్కన మీట ఉంటుంది, నొక్కితే స్వరం ఒక స్థానం పైకి వెళ్తుంది. పన్నెండు స్వరస్థానాలూ బెండ్ లేకుండానే దొరుకుతాయి. సినిమా పాటలకీ మన రాగాలకీ బాగా నప్పుతుంది. బ్లూస్ స్కేల్ స్వరాలు కూడా వస్తాయి. కానీ మీరు మోజుపడ్డ ఆ జారుడు దీంట్లో అంతగా పలకదు. ఖరీదు ఎక్కువ, లోపల గాలి ఆపే సన్నటి వాల్వులు ఉంటాయి కాబట్టి మరమ్మతుల బెడదా ఎక్కువే.

మూడోది, పది కన్నాల డయాటోనిక్, సి శ్రుతిది కొనడం. పాఠాలు ఎక్కువగా సి శ్రుతిలోనే దొరుకుతాయి. దువ్వెనలా ఉండే లోపలి భాగాన్ని కోంబ్ అంటారు. చెక్క కోంబ్ తడికి ఉబ్బే అవకాశం ఉంది కనుక మన కోస్తా ఉక్కకి ప్లాస్టిక్ కోంబ్ ఉన్నది మేలు. హోనర్ కంపెనీ స్పెషల్ 20 అలాంటిదే. మరీ చవకరకం కొంటే గాలి కారిపోయి బెండ్ రాదు, మళ్లీ తప్పు నాదేననుకుంటారు. వాడినది మాత్రం కొనకండి, నోట్లో పెట్టుకునే వస్తువు.

నన్నడిగితే మూడోదే అంటాను. కానీ కొన్ని వేల రూపాయలు పెట్టేముందు ఇంట్లో చెప్పి కొనండి. అదెందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఆ స్కేల్ విషయం. గుంటూరులో ఉన్నారు, కర్ణాటక సంగీతం తెలిసిన టీచరుగారు కింది అంతస్తులోనే ఉన్నారు. అందుకని ఆ భాషలోనే చెప్తాను. బ్లూస్ స్కేల్ అంటే స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం, కైశిక నిషాదం, పై స. ప్రతి మధ్యమం తీసేస్తే మిగిలేది శుద్ధ ధన్యాసి స్వరాలు. ఒక కాగితం మీద ఈ స్వరాలు రాసుకుని, ఈసారి లిఫ్టు దగ్గర కాదు, వాళ్లింటికే వెళ్లి అడగండి. ‘రెండు మధ్యమాలు పక్కపక్కనే ఎందుకొచ్చాయి?’ అని ఆవిడ తప్పకుండా అడుగుతారు. ప్రతి మధ్యమం అక్కడ నిలవదనీ, శుద్ధ మధ్యమానికో పంచమానికో వెళ్లే దారిలో తగిలే స్వరమనీ చెప్పండి. అయితే బ్లూస్ అంటే శుద్ధ ధన్యాసే అని వాదనకి మాత్రం దిగవద్దు. బ్లూస్‌లో గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో వేలాడుతుంది. ఆ వేలాడదీయడంలోనే దాని రసమంతా ఉంది. గమకాలతో జీవితం గడిపిన మనిషికి ఆ సంగతి మీకంటే నాకంటే త్వరగా అర్థమవుతుంది.

సి శ్రుతి మౌతార్గాన్‌లో సహజంగా ఉన్నవి శంకరాభరణ రాగం స్వరాలు. బ్లూస్ వాళ్లు దాని షడ్జం మీద కూర్చోరు, పంచమం మీద కూర్చుంటారు. అంటే జి ని స చేసుకుంటారు. మనవాళ్ల లెక్కలో ఇది గ్రహభేదం. శంకరాభరణం పంచమాన్ని షడ్జం చేస్తే హరికాంభోజి వస్తుంది కదా, దాంతో కైశిక నిషాదం ఉచితంగా చేతికొస్తుంది. ట్రొసింగెన్ అనే జర్మన్ ఊళ్లో మథియాస్ హోనర్ 1857లో మౌతార్గాన్ల తయారీ మొదలుపెట్టినప్పుడు ఎవరూ ఈ వాడకం ఊహించి ఉండరు. ఆ కంపెనీ 1896లో తెచ్చిన మెరైన్ బ్యాండ్ అనే మౌతార్గాన్ లాంటివి చవకగా అమెరికా దక్షిణాది నల్లజాతి కూలీల జేబుల్లోకి చేరాయి. వాళ్లు దాన్ని పీల్చే వైపు నుంచి వాయించారు. మొదటి ఆరు కన్నాల్లో పీల్చే స్వరం ఊదే స్వరం కంటే పైన ఉంటుంది కనుక అక్కడ పీలుస్తూ కిందికి వంచవచ్చు. వాళ్ల పాటల్లోని ఏడుపుకీ విరుపుకీ అదే కావలసింది.

కన్నాల లెక్క ఇది: స అంటే 2 పీల్చాలి. గాంధారం 3 పీల్చి కాస్త వంచాలి. శుద్ధ మధ్యమం 4 ఊదాలి. ప్రతి మధ్యమం 4 పీల్చి వంచాలి. పంచమం 4 మామూలుగా పీల్చాలి. నిషాదం 5 పీల్చాలి. పై స 6 ఊదాలి. వంచాల్సినవి రెండే, మిగతావన్నీ మామూలుగా వచ్చేవే. ముందు ఆ గాంధారాన్నీ ప్రతి మధ్యమాన్నీ వదిలేసి స మ ప ని స తిప్పండి. నాలుగు స్వరాలతో బ్లూస్ ఏమిటి అనుకోకండి. ఆగి, మళ్లీ వాయించి, లయలో పెడితే ఇంట్లోవాళ్లు తల తిప్పి చూస్తారు.

బెండ్ మొదలుపెట్టాల్సింది మూడో కన్నంలో కాదు, నాలుగో కన్నంలో. నాలుగులో పీలిస్తే డి, ఊదితే సి. మధ్యలో ఒకే ఒక్క స్థానం ఉంది, వంచితే అక్కడికే చేరతారు. మూడులో మూడు స్థానాలున్నాయి కాబట్టి మొదటి దాని దగ్గర ఆగడం చాలా కష్టం. ఎంతోకాలంగా వాయిస్తున్నవాళ్లకీ అక్కడ జారిపోతుంటుంది. మీరు అన్నిటికంటే కష్టమైన మెట్టు దగ్గర, అది లేని వాద్యంతో కూర్చున్నారు.

పెదాల చివర్లతో కాకుండా మౌతార్గాన్‌ని బాగా లోపలికి పెట్టుకోండి. ముక్కులోంచి గాలి పోతే స్వరం వంగదు, కావాలంటే మొదట్లో ముక్కు మూసుకుని చూడండి. పీలుస్తూ నోట్లోనే ‘ఈ’ నుంచి ‘ఓ’ కి వెళ్లండి. నాలుక మధ్యభాగం వెనక్కి, కిందికి జరుగుతుంది. గాలిని లోపలికి పీలుస్తూ ఈల వేసి, ఆ ఈలని కిందికి దించి చూడండి, అదే కదలిక. ఫోన్‌లో ట్యూనర్ ఆప్ పెట్టుకుంటే ముల్లు కదలడం కనిపిస్తుంది. కొన్నాళ్ల పాటు ముల్లు కొంచెమే కదులుతుంది, తర్వాత ఒకరోజు ఊహించకుండా జారుతుంది. గట్టిగా లాగొద్దు. బలం పెడితే వంగదు సరికదా రీడ్ పాడవుతుంది. బెండ్‌కి కావలసింది తక్కువ ఊపిరి, సరైన నోటి ఆకారం.

ఈ తక్కువ ఊపిరి సంగతి మీ ఇంటి గొడవకీ పనికొస్తుంది. నేర్చుకునేవాళ్లు గట్టిగా వాయిస్తారు కాబట్టే ఇల్లంతా మోగుతుంది. రెండు చేతులూ దోసిలిలా మూసి, మెల్లగా పీలిస్తే పక్కగదిలోకి పెద్దగా వెళ్లదు. మీ సెల్లార్ మాత్రం అన్నిటికంటే తప్పు చోటు. కాంక్రీటు గోడలకి తగిలి శబ్దం రెట్టింపై, లిఫ్టు దారిలో అన్ని అంతస్తులకీ పోతుంది. టీచరుగారు విన్నది అలాగేనేమో.

ఇక ఇంట్లోవాళ్ల మాట. మీ ఆవిడ అన్న మాట ఇంకోసారి చదివాను. ఆవిడ సంగీతాన్ని తిట్టలేదు. నెలల తరబడి ఒకే ఒక్క రాని స్వరాన్ని విన్నారు, విసిగారు. ఎవరైనా విసుగుతారు. అదీగాక, ఇది నాన్నగారి వస్తువుతో మొదలైందనీ, ఆయన పోయాక మీకు సాయంత్రాలు ఎలా ఉన్నాయో అన్నదీ నాకు రాశారు గానీ ఆవిడకి చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. కొత్తది కొనేముందు ఆ మాట ఆవిడకి చెప్పండి. డబ్బు మాట కూడా అప్పుడే. మీకు తెలియకుండా ఒక పార్సెల్ ఇంటికొస్తే ఎలా ఉంటుందో ఆవిడ వైపు నుంచి ఆలోచించండి.

అమ్మగారి పాముల సంగతి నమ్మకం. ఈల గురించి మన పెద్దలందరూ చెప్పేదే. మీ మూడో అంతస్తుకి పామెలా వస్తుందని వాదించి గెలవొచ్చు, కానీ ఏం లాభం? చీకటి పడకముందే వాయిస్తే సరిపోతుంది. అమ్మగారికి నచ్చనిది పామేనా, లేక ఆ మౌతార్గాన్ మీద ఆయన పాట కాకుండా ఇంకేదో వినపడటమా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. నాన్నగారిది పక్కన పడెయ్యాలని ఎవరూ అనడం లేదు. బ్లూస్‌కి కొత్తది, ఆయన పాటలకి పాతది. వారానికో పాట ఆయన దాంతో, అమ్మగారి ముందు కూర్చుని వాయించండి. ఆవిడ లేచి వెళ్లిపోతే అది బెంగ కావచ్చు, కాబట్టి బలవంతం చెయ్యొద్దు. పాతది కాబట్టి లోపల చెక్క ఉండవచ్చు, నీళ్లతో కడగొద్దు, స్పిరిట్ పొయ్యొద్దు. పైన పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

పాప విషయంలో మీరు అడిగింది మానెయ్యాలా అని. మానేస్తే లెక్క ఇలా ఉంటుంది: ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఆ తర్వాత ఎంట్రన్సులు. మీ యార్డులో సీజన్ కూడా ఫిబ్రవరి నుంచి మే దాకా, టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలు పడి మీరు రాత్రి పొద్దుపోయాక గానీ ఇల్లు చేరరు. అంటే జూన్ దాకా ఎలాగూ పెద్దగా కుదరదు. కాబట్టి పూర్తిగా ఆపినా పోయేది తక్కువే. పెదాల అలవాటు పోతుంది, మళ్లీ వస్తుంది. చెవి పోదు, ఇయర్‌ఫోన్స్‌లో వింటూ ఉండండి. ఇందులో ఒకే ప్రమాదం ఉంది. ‘నా కోసం నాన్న మానేశాడు’ అన్న బరువు పరీక్షల నెలల్లో పాప మీద పడకూడదు. మానితే మీ కోసం మానండి, త్యాగంలా ప్రకటించకండి.

మానకుండా ఉండాలంటే ఒక వేళ కావాలి, ఆ వేళ పాప చెప్పాలి. పొద్దున ట్యూషన్‌కి వెళ్లినప్పుడో, తను భోంచేసేటప్పుడో. పావుగంట చాలు. ‘ఆ మెట్టు ఎప్పుడొస్తుంది’ అన్నది ఎగతాళా, ఆసక్తా అని మీరు నన్నడిగారు. ఉత్తరంలోంచి నాకు తెలియదు. నాకైతే అన్ని నెలలు తలుపు వెనక నుంచి వింటూ మెట్టు రాలేదని లెక్క పెట్టుకున్న పిల్లలాగే అనిపిస్తోంది. అడిగి చూడండి.

సీజన్‌లో పావుగంట కూడా దొరకని రోజుల్లో రైలు వాయించండి. 1, 2, 3 కన్నాలు కలిపి రెండుసార్లు పీల్చి రెండుసార్లు ఊదుతూ మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచండి. పీలిస్తే జి కార్డ్, ఊదితే సి కార్డ్ (కార్డ్ అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాలు), బెండ్ అవసరమే లేదు. డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు 1920లలో నాష్‌విల్ రేడియోలో రైలుని ఇలాగే పలికించి పేరు తెచ్చుకున్నాడు. రైలు కూత మాత్రం 4, 5 కలిపి పీల్చడం. వాచ్‌మన్ పిల్లలకి ముందు ఇది వినిపించండి, నవ్వేవాళ్లే నేర్పమంటారు.

43 గురించి ఎక్కువ రాయను. మీరు కచేరీలు చెయ్యబోవడం లేదు.

దగ్గు సంగతి మాత్రం వేరు. సీజన్ అయిపోయాకా తగ్గకపోయినా, పిల్లికూతలు వచ్చినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా ముందు ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. మౌతార్గాన్ దానికి మందు కాదు. యార్డు నుంచి రాగానే వాయించొద్దు, స్నానం చేసి, నోరు పుక్కిలించి అప్పుడు. కొట్టుకి మౌతార్గాన్ తీసుకెళ్లనే వద్దు. రీడుకీ దాని చట్రానికీ మధ్య సందు వెంట్రుకవాసి, అందులో ఒక్క కారం రేణువు పడినా ఆ స్వరం మూగబోతుంది.

కొత్తది రాగానే పది కన్నాలూ ఊదీ, పీల్చీ చూడండి. 2 పీలిస్తే పలకడం లేదని గానీ, బొంగురుగా ఉందని గానీ వెంటనే వెనక్కి పంపొద్దు. కొత్తవాళ్లందరికీ అక్కడ అలాగే ఉంటుంది. ఎక్కువ బలంతో పీల్చడం వల్ల అది తెలియకుండానే వంగిపోతుంది. ఊపిరి సగానికి తగ్గించి, దవడ వదులు చేసి చూడండి. అప్పటికీ పలకకపోతే మళ్లీ రాయండి. ఏ కన్నమో, ఊదితేనా పీలిస్తేనా అన్నది తప్పకుండా రాయండి.